అబ్బా కారులో ఆపా హిస్సా

అబ్బా కారు అమ్మేశామని తెలిసిన దోస్తులంతా ఫోన్ చేసి మొదట అడిగేది "ఎంతకి పోయింది భాయ్?" అని. వెంటనే రెండోది, "అయ్యో, సగం పని చేయించి ఎందుకు అమ్మావు?" అని. ఒక్కొక్కరికీ చెప్పేసరికి నోరు నొప్పి పుడుతోంది. అందుకే ఇక్కడ రాసేస్తున్నా. ఇందులో మా మర్హూమ్ అబ్బా గురించి ఒక మాట ఉంది. అది రాయొచ్చా అని అమ్మీ దగ్గర ఇజాజత్ అడిగాను. తస్బీ తిప్పుతూ కాసేపు ఆలోచించి, "రాయి. చదివినోళ్ళని ఆయన మగ్‌ఫిరత్ కోసం దువా చేయమని కూడా రాయి" అంది. ఆ మాట ముందే రాసేశాను, మర్చిపోకండి.

కారు 1967 ఫోర్డ్ ముస్తాంగ్. రెండు తలుపుల కూపే. ఎడమ ఫెండర్ లోపల రేకు మీద కొట్టిన నంబరు 7ఆర్01సి అని మొదలవుతుంది. 7 అంటే 1967, ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఫ్యాక్టరీ, 01 అంటే మామూలు పైకప్పు కూపే, సి అంటే 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, 200 హార్స్‌పవర్. మన లెక్కలో 4.7 లీటర్లు. అప్పట్లో మన అంబాసిడర్ ఇంజిన్ 1489 సీసీ. మూడు అంబాసిడర్లని ఒక్క బానెట్ కింద కూర్చోబెట్టినా ఇంకా కాస్త జాగా మిగులుతుంది. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చేది, అదీ దాని మిజాజ్ బాగుంటే.

ఇంత బండి మావంటి ఇంటికెట్లా వచ్చిందంటే, అది కూడా ఒక కిస్సానే. అబ్బా మద్రాసు వడపళనిలో మెకానిక్. తెలుగు సినిమా అంతా అక్కడే ఉన్న రోజులు. స్టూడియో బండ్లు, హీరోల ఇంపాలాలు అన్నీ ఆయన చేతుల మీదుగా పోయినవే. బయటి దేశాల బండ్ల దిగుమతి ఎప్పుడో బంద్ అయింది కాబట్టి, కాన్సులేట్ల వాళ్ళు, తెల్లదొరలు వెళ్ళిపోతూ వదిలేసిన కార్లే మన వాళ్ళకి దొరికేవి. అట్లాంటి ఒక ముస్తాంగ్ నాలుగు చేతులు మారి ఒక సినిమా నిర్మాత దగ్గరికొచ్చింది. ఆయన దగ్గర అబ్బాకి పద్నాలుగు నెలల జీతం బాకీ. పైసలు లేవు, ఈ బండి తీసుకుపో అన్నాడట. 1989లో కదలని కారుని తాడు కట్టి లాక్కుంటూ ఇంటికి తెచ్చాడు అబ్బా. ఆ నెల బియ్యానికి అమ్మీ తన కాళ్ళ పట్టీలు అమ్మింది. కారుని చూసి అమ్మీ అన్న మాట నేనిక్కడ రాయను. ఆ మాటకి మాత్రం ఆమె ఇజాజత్ ఇవ్వలేదు.

ఇంజిన్ ఖరాబ్. నీళ్ళు లేకుండా ఎవడో నడిపాడు, బ్లాక్ పగిలింది. రెండేళ్ళు అట్లానే పడి ఉంది. 1991లో, నాకు పదేళ్ళు, మే నెల ఎండలో అబ్బా నన్ను వెంటబెట్టుకుని పుదుపేటకి పోయాడు. పాత బండ్లు విప్పి అమ్మే బజారు అది. ఎక్కడ చూసినా ఇనుము, నల్ల నూనె, గేర్‌బాక్సుల గుట్టలు. ఒక దుకాణం వెనక గోనెపట్టాల కింద ఫోర్డ్ వీ8 ఒకటి దొరికింది. అబ్బా స్పార్క్ ప్లగ్గుల కన్నాల్లో వేలు పెట్టి, వాసన చూసి, బేరం చేసి, తోపుడు బండి మీద వేయించాడు. ఇంటికొచ్చాక నేను టార్చ్ పట్టుకున్నాను, ఆయన బ్లాక్ తుడిచాడు. వెనక వైపు, స్టార్టర్ మోటర్ కూర్చునే చోటుకి పైన, పోతపోసిన అక్షరాలు కనపడ్డాయి. సి8ఓఈ అని. ఫోర్డ్ లెక్కలో సి అంటే 1960ల దశకం, 8 అంటే 1968. అంటే ఇది మా కారు కంటే ఏడాది తర్వాతి ఇంజిన్. 289 కాదు, 302.

బయటికి రెండూ కవల పిల్లలే. బోరు రెండింటికీ నాలుగు అంగుళాలు. స్ట్రోకులోనే తేడా, 2.87 ఒకటి, 3 ఇంకొకటి. పైనున్న సామాన్లు దానివి దీనికి, దీనివి దానికి కూర్చుంటాయి. ఇంకో సంగతి, 1967 ముస్తాంగుల్లో హై పెర్ఫార్మెన్స్ ఇంజిన్ మీద తప్ప మిగతా ఇంజిన్ల మీద కంపెనీ వాళ్ళు బండి నంబరు కొట్టలేదు. 1968 నుంచి కొట్టారు. మా ఆర్‌సి బుక్కులో ఇంజిన్ నంబర్ అన్న చోట కూడా ఎవరో గుమాస్తా ఛాసిస్ నంబరే రాసి పెట్టాడు. అంటే స్టార్టర్ బిగించేస్తే ఇంక ఎవరికీ తెలిసే రాస్తా లేదు.

అబ్బా స్టార్టర్ బిగించాడు. ఆఖరి బోల్టు తిప్పుతూ నా వైపు చూసి, "కిసీకో నక్కో బోల్" అన్నాడు. నేను తల ఊపాను. పదేళ్ళ పిల్లోడికి అబ్బా ఒక రాజ్ అప్పగించడం కంటే పెద్ద ఇజ్జత్ ఏముంటుంది?

ఆయన మోసం చేద్దామనుకున్నాడని నేను అనుకోను. అమ్మే ఖయాలే లేదు ఆయనకి. ఎవరో మొదటిసారి "ఒరిజినల్ ఇంజినా ఉస్తాద్?" అని అడిగారు, "బిల్‌కుల్ ఒరిజినల్" అన్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అదే మాట. ఒకసారి నోరు దాటిన షాన్‌ని మళ్ళీ లోపలికి తీసుకోవడం మగాళ్ళకి కష్టం.

1992లో మేం హైదరాబాద్ వచ్చేశాం. ఇండస్ట్రీ అప్పటికే చాలావరకు ఇటు మళ్ళింది. అన్నపూర్ణ స్టూడియో, పద్మాలయ, తర్వాత ఫిల్మ్ నగర్ గుట్ట మీద రామానాయుడు స్టూడియో. పని ఎటు పోతే పనివాళ్ళు అటు. కారు లారీ మీద వచ్చింది, మేం ట్రైన్‌లో వచ్చాం. కృష్ణానగర్‌లో రెండు గదులు, ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేటకి దిగే వైపు బండరాళ్ళ మధ్య ఒక రేకుల షెడ్. ఆ షెడ్ ముందు నిలబడితే దూరంగా కుతుబ్‌షాహీ గుంబజ్‌లు కనపడేవి. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు కనపడతాయి.

ముస్తాంగ్ అక్కడినుంచే షూటింగ్‌లకి పోయేది. రోజుకి ఇంత అని కిరాయి, అబ్బాకి బత్తా వేరే. ప్రొడక్షన్ మేనేజర్ పొద్దున ఆరింటికి రమ్మంటే అబ్బా ఫజర్ చదివి బయల్దేరేవాడు. విలన్ కొడుకు దిగే కారు, దుబాయ్ నుంచి వచ్చిన బావ కారు, అన్నీ ఇదే. స్టీరింగ్ ఎడమ వైపు కాబట్టి ఫారిన్ సీనుకి కూడా పనికొచ్చేది, వెనక ఒక తాటిచెట్టు కనపడకుండా చూసుకుంటే చాలు. ఒకోరోజు స్టార్ట్ అయ్యేది కాదు. అప్పుడు నలుగురు లైట్‌బాయ్‌లు ఫ్రేమ్ బయటినుంచి తోసేవాళ్ళు. సినిమా హాల్లో మాత్రం ఇంజిన్ గర్జన దద్దరిల్లేది. ఆ గర్జన ఏ బండిదో అల్లాకే ఎరుక.

2012లో అబ్బా వఫాత్ అయ్యారు. కారు షెడ్‌లోనే ఉండిపోయింది.

2016లో నాకు షౌక్ పుట్టింది. షౌక్ అనాలో, గమ్ అనాలో. బండి విప్పించడం మొదలుపెట్టాను. ఈ ముస్తాంగులకి పుట్టుకతో ఒక జబ్బు ఉంది. ముందు అద్దం కింద గాలి లోపలికి పోయే గూడు ఒకటుంటుంది, కౌల్ అంటారు. వాన నీళ్ళు అందులో నిలిచి, లోపలి రేకు తినేసి, నేరుగా డ్రైవర్ కాళ్ళ మీద కారతాయి. కాళ్ళ కింది ఫ్లోర్ కుళ్ళిపోతుంది. బాగుచేయాలంటే పైరేకుకి ఉన్న స్పాట్ వెల్డింగులన్నీ ఒక్కొక్కటీ డ్రిల్ చేసి ఊడదీయాలి. మా టింకరింగ్ ఉస్తాద్ ఊడదీస్తే లోపల మద్రాసు వానల కాలం నాటి వేపాకు ఉంది. వెనక ఫెండర్ మీద సుత్తితో కొడితే అరచెయ్యంత పుట్టీ ముక్క ఊడిపడింది, చిటికెన వేలంత మందం. చికాగోలో ఉన్న తమ్ముడు తలుపుల రబ్బర్లు, బ్రేకు సామాన్లు సూట్‌కేసులో అచార్ సీసాలు వచ్చే దారికి ఎదురుదారిలో మోసుకొచ్చాడు. ఫ్లోర్ కొత్తదైంది, కౌల్ కొత్తదైంది, బ్రేకులు, సస్పెన్షన్ అయ్యాయి, ఇంజిన్ పాడింది. 2020లో కరోనా వచ్చింది. అప్పటికి నా జేబులోంచి 6,80,000 పోయాయి. వైరింగ్ సగం, సీట్లు లేవు, క్రోమ్ చేయించలేదు, బాడీ మొత్తం బూడిద రంగు ప్రైమర్ మీద ఆగిపోయింది. మూడేళ్ళు దాని మీద దుమ్ము తప్ప ఇంకే రంగూ పడలేదు.

అమ్మే మాట నేను ఎత్తలేదు. కర్నూల్‌నుంచి ఈద్‌కి వచ్చిన ఆపా, దస్తర్‌ఖాన్ మీద షీర్ ఖుర్మా వడ్డిస్తూ నవ్వుతూ అడిగింది, "తమ్ముడూ, అబ్బా కారులో నా హిస్సా ఏ చక్రం?" అని.

అందరం నవ్వాం. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేళ్ళు దాటాయి అబ్బా పోయి. ఇల్లు కిరాయిది, భూములు లేవు, ఆయన వదిలిపోయిన తర్కా అంటే ఈ ఒక్క కారే. దాన్ని నేను నాదే అన్నట్టు విప్పాను, రేకులు మార్చాను, ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెట్టుకున్నాను. ఆపాని ఒక్క మాట అడగలేదు. మన ఇళ్ళల్లో ఆడపిల్ల హిస్సా గురించి జుమా బయాన్‌లో విని తల ఊపినవాళ్ళల్లో నేను మొదటి సఫ్‌లో ఉంటాను మరి.

తోలిచౌకిలో మా ఇమామ్ సాబ్ దగ్గరికి పోయాను. కాగితం తీసి లెక్క రాశారు. బేవాకి ఎనిమిదో వంతు, మిగిలింది కొడుక్కి రెండు, కూతురికి ఒకటి చొప్పున. మొత్తం నలభై భాగాలు చేస్తే అమ్మీకి ఐదు, మాకు పద్నాలుగు పద్నాలుగు, ఆపాకి ఏడు. నా 6,80,000 సంగతి ఎత్తాను. "వారిసుల్ని అడిగి ఖర్చు పెట్టావా?" అన్నారు. లేదన్నాను. "అయితే హక్కుగా అడగలేవు. వాళ్ళు ఖుషీగా ఇస్తే వేరే మాట." చాయ్ తాగి వచ్చేశాను. చేదుగా ఉంది, చాయ్‌లో చక్కెర ఉన్నా.

ఇంక అమ్మకం. పాత బండి అమ్మితే పెళ్ళిసంబంధాలకంటే ఎక్కువ మంది వస్తారు. ఒకాయన ఫాస్ట్‌బ్యాక్ అనుకుని వచ్చాడు, కూపే అని చూసి మొహం మాడ్చుకున్నాడు. పాపం ఆయన తప్పులేదు. ఆ ఏడాది ఫోర్డ్ వాళ్ళు ఈ కూపేలే 3,56,271 చేశారు, వెనక వాలుగా జారే ఫాస్ట్‌బ్యాకులు 71,042. సినిమాల్లో ఉరికేవన్నీ ఆ ఫాస్ట్‌బ్యాకులే. ఇంకొకడు ఇందులో డీజిల్ ఇంజిన్ పెట్టొచ్చా అని అడిగాడు. వాణ్ణి మర్యాదగా గేటు దాకా దిగబెట్టాను.

చివరికి విజయవాడ డాక్టర్ గారొకరు వచ్చారు. పెద్దాయన. చెప్పులు విప్పి షెడ్‌లోకి వచ్చాడు, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. గంటసేపు చూశాడు. 28 లక్షలకి సౌదా కుదిరింది, లక్ష బయానా చేతిలో పెట్టాడు. వెళ్ళబోతూ అడిగాడు, "ఇంజిన్ ఒరిజినలే కదా భాయ్? నేను వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటా." 2021లో కేంద్రం తెచ్చిన రూల్ అది. యాభై ఏళ్ళు దాటిన బండికి వీఏ అక్షరాలతో వేరే నంబరు, ఇరవై వేలు ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది. రోజూ తిప్పకూడదు, కిరాయికి తిప్పకూడదు. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు.

నేనేమన్నానంటే, "వినండి సార్" అని తాళం తిప్పాను. వీ8 లేచింది. షెడ్ రేకులు వణికాయి. డాక్టర్ గారి మొహం వెలిగిపోయింది. ఆయన అడిగిన దానికి నేను జవాబు చెప్పలేదు, ఆయన జవాబు దొరికిందనుకున్నాడు. అబద్ధం ఆడకుండా అబద్ధం ఆడటమంటే అదే.

సహీ ముస్లింలో ఆ సంఘటన మీకందరికీ తెలుసు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టడం, లోపల తడి తగలడం, వానకి తడిసిందంటే ఆ తడిదాన్ని జనం చూసేటట్టు పైన ఎందుకు పెట్టలేదని అడగడం. మదర్సాలో పిల్లప్పుడు విన్నది. ఆ రాత్రి నాకు ధాన్యం రాశి కనపడలేదు, స్టార్టర్ మోటర్ కనపడింది.

కాని చెప్పాలంటే రెండు అడ్డాలు. ఒకటి, అబ్బా రాజ్. మళ్ళీ ఇమామ్ సాబ్‌నే అడిగాను, పోయినవాళ్ళ ఐబ్ కప్పాలి కదా అని. "బండి ఐబ్ చెప్పు, మనిషి ఐబ్ నీకెందుకు? ఇంజిన్ వేరేది అను, చాలు. ఎవరు ఏమన్నారో ఆయన అడగడు" అన్నారు. ఇంత సులువైన మాట నాకెందుకు తట్టలేదో! రెండోది మాత్రం సులువు కాదు. రేటు తగ్గితే తగ్గేది నా ఒక్కడిది కాదు. అమ్మీది, తమ్ముడిది, ఆపాది. తమ్ముడు "నీ ఇష్టం భాయ్‌జాన్" అని వాట్సాప్‌లో ఒక బొటనవేలు పెట్టాడు. అమ్మీ "చెప్పేసెయ్, హరామ్ పైసా నా కఫన్‌కి వద్దు" అంది. ఆపా ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "పదకొండేళ్ళు నా హక్ గుర్తు రాలేదు. ఇప్పుడు ఇచ్చే టైమ్‌కి నీకు పర్‌హేజ్‌గారీ గుర్తొచ్చింది. అదీ నా పైసలతో."

ఏం చెప్పమంటారు? ఆమె మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు.

"తగ్గినంత నీ వరకు నా హిస్సాలోంచి ఇస్తా ఆపా" అన్నాను. వద్దంటుందని లోపల ఒక ఆశ ఉండింది, దాచడం దేనికి. "సరే, ఇయ్యి" అంది.

మర్నాడు డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఇంజిన్ 302 అని, మద్రాసులో మార్చారని, నిన్న మీరు అడిగినప్పుడే చెప్పాల్సిందని. బయానా వాపస్ ఇచ్చేస్తానన్నాను. ఆయన "ఊఁ" అన్నాడు, పెట్టేశాడు. రెండు రోజులు పత్తా లేదు. మూడోరోజు తన మెకానిక్‌ని పంపాడు. ఆ పిల్లోడికి బండి కిందికి ఎటునుంచి దూరాలో కూడా తెలియలేదు, నేనే పడుకుని స్టార్టర్ విప్పాను. ముప్పై రెండేళ్ళ మట్టి. గుడ్డతో తుడిచాను. సి8ఓఈ. ఇప్పుడు టార్చ్ ఆ పిల్లోడు పట్టుకున్నాడు.

డాక్టర్ గారు 24 లక్షలన్నాడు. వింటేజ్ నంబరు రాకపోతే పాత నంబరుతోనే ఉంచుకుంటానన్నాడు. ఒప్పుకున్నాం. కాగితాల పని గురించి ఎక్కువ రాయను, తల్చుకుంటే బీపీ వస్తుంది. తహసీల్దార్ దగ్గర కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఫారం 31 మీద ముందు నా పేరుకి మారడం, మిగతా ముగ్గురి ఒప్పుకోలు, తర్వాత 29, 30. మీలో ఎవరింట్లోనైనా మర్హూమ్ పేరు మీద బండి ఉంటే, అది స్కూటరైనా సరే, ఇవాళే మొదలుపెట్టండి.

24 లక్షలు నలభై భాగాలు చేస్తే ఒక్కోటి అరవై వేలు. అమ్మీకి మూడు లక్షలు. మాకు 8,40,000 చొప్పున. ఆపాకి 4,20,000, నా హిస్సాలోంచి తగ్గిన డెబ్బై వేలు. నా 6,80,000 నేను మళ్ళీ ఎత్తలేదు. వాళ్ళూ ఎత్తలేదు. తీసేస్తే నాకు మిగిలింది తొంభై వేలు, ఏడేళ్ళ షౌక్‌కి.

ఒక అసర్ తర్వాత బండి తీసుకుపోవడానికి ఫ్లాట్‌బెడ్ వచ్చింది. గుట్ట మీదినుంచి వెనక్కి రావడానికి డ్రైవర్ తిప్పలు పడుతుంటే, పక్క బస్తీ పిల్లలు ఏ సినిమా భాయ్ అని చుట్టూ మూగారు. అమ్మీ ఆటోలో వచ్చింది. ఎన్నడూ కారుని మెచ్చుకోని మనిషి, బానెట్ మీద చెయ్యి పెట్టి ఏదో చదివి ఊదింది. ప్రైమర్ బూడిద అరచేతికి అంటింది. కడుక్కోవడానికి నీళ్ళు తెస్తానంటే వద్దంది.

రాత్రి ఆపా ఫోన్ చేసింది.

"పైసలు పడ్డాయి. డెబ్బై వేలు కూడా."

"మంచిది ఆపా."

"అబ్బా ఆ రోజు పుదుపేటకి నిన్నొక్కడినే తీసుకెళ్ళారా?"

"అవును."

"నన్నెందుకు తీసుకెళ్ళలేదు?"

"నువ్వు స్కూల్‌కి పోయుంటావు" అన్నాను.

"మే నెలలో స్కూలేంటి?" అంది ఆపా.